పడగొట్టేది సరే, కూర్చోబెట్టేది ఎవరిని?

అందరికీ నమస్కారం.

యూరప్ రాజకీయ వ్యవస్థల గురించి మాట్లాడమన్నారు. యూరప్ అంటే నలభై పైచిలుకు దేశాలు. ఎవరి రాజ్యాంగం వాళ్లది, ఎవరి ఆచారాలు వాళ్లవి. బ్రిటన్‌కయితే ఒక్కచోట రాసిపెట్టిన రాజ్యాంగమే లేదు. అవన్నీ గంటలో చుట్టేయబోతే మీ చేతికి పేర్ల జాబితా తప్ప ఏమీ మిగలదు. మీలో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. ఆ జాబితాలు మీకు గైడ్లలో దొరుకుతాయి. నేను ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంటాను. సభలో మెజారిటీ ఉందని ఎవరు నిరూపించుకోవాలి? ప్రభుత్వమా, దాన్ని దింపాలనుకునేవాళ్లా? పార్లమెంటరీ దేశాల మధ్య ఉన్న తేడాల్లో సగం ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతాయని నా అభిప్రాయం.

ముందు మనకు తెలిసిన రోజు. 1999 ఏప్రిల్ 17. లోక్‌సభలో స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి గారు. అన్నాడీఎంకే మద్దతు తీసేసుకోవడంతో వాజ్‌పేయి గారు విశ్వాస పరీక్షకు వచ్చారు. తెలుగుదేశం బయటి నుంచి మద్దతిస్తోంది. ఓట్లు లెక్కపెడితే అనుకూలం 269, వ్యతిరేకం 270. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీ పదవి వదులుకోలేదని వచ్చి ఓటేయడం, దాని మీద రేగిన గొడవ మీరంతా చదివే ఉంటారు. నేను చూడమనేది ఆ తర్వాతి తొమ్మిది రోజులు. దింపడానికి చేతులు కలిపిన 270 మంది, ఎవరిని ఎక్కించాలో తేల్చుకోలేకపోయారు. సోనియా గాంధీ రాష్ట్రపతి దగ్గరకు వెళ్లి మాకు బలం ఉందన్నారు. ములాయం సింగ్ మేం ఇవ్వం అన్నారు. 26న లోక్‌సభ రద్దయింది. ఆ వేసవిలో కార్గిల్ యుద్ధం నడిపింది సభలో ఓడిపోయిన ఆపద్ధర్మ ప్రభుత్వమే. ఎన్నికలయ్యాక మళ్లీ వాజ్‌పేయి గారే వచ్చారు.

ఈ పద్ధతి మనకు బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ కూడా సరిగ్గా ఇరవై ఏళ్ల ముందు ఇలాంటి రోజే ఒకటి ఉంది. 1979 మార్చి 28న జేమ్స్ కాలహాన్ లేబర్ ప్రభుత్వం 311-310తో పడిపోయింది. ఆల్‌ఫ్రెడ్ బ్రౌటన్ అనే లేబర్ ఎంపీ చావుబతుకుల మధ్య ఉన్నాడు. అంబులెన్సులో పార్లమెంటు ఆవరణలోకి తెస్తే చాలు, ఓటు లెక్కలోకి వస్తుంది. వద్దన్నారు కాలహాన్. దారిలో ప్రాణం పోతే ఆ పాపం మనకెందుకన్నది ఆలోచన. బ్రౌటన్ కొద్ది రోజులకే చనిపోయాడు. అదే రాత్రి ఫ్రాంక్ మగ్వయిర్ అనే ఐరిష్ సభ్యుడు లండన్ దాకా ప్రయాణం చేసి వచ్చి, ఎవరికీ ఓటేయకుండా కూర్చున్నాడు. ఓటు వేయకపోవడాన్ని స్వయంగా చూపించడానికి వచ్చానన్నాడట. ప్రభుత్వం పడింది, ఎన్నికల్లో థాచర్ గెలిచింది.

బ్రిటన్‌లో ఇది పెద్ద సమస్య కాలేదు. కారణం వాళ్ల ఎన్నికల పద్ధతి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు కాబట్టి సాధారణంగా ఒకే పార్టీకి మెజారిటీ వచ్చేస్తుంది. 2024లో లేబర్‌కు వచ్చిన ఓట్లు 33.7 శాతం, సీట్లు 650లో 411. రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం ఓట్లొస్తే ఐదు సీట్లే, అంతకంటే తక్కువగా 12.2 శాతం తెచ్చుకున్న లిబరల్ డెమొక్రాట్లకు 72. ఇది న్యాయమా అంటే కాదు. కానీ ప్రభుత్వం ఏర్పడిందా లేదా అన్న టెన్షన్ మాత్రం ఒక్క రోజులో తీరిపోతుంది. ఇంకోటి కూడా గమనించండి. అక్కడ ప్రధానుల్ని దింపే పని ఇప్పుడు సభ చేయట్లేదు, సొంత పార్టీ చేస్తోంది. 2022లో బోరిస్ జాన్సన్, లిజ్ ట్రస్ ఇద్దర్నీ పంపించింది కన్సర్వేటివ్ ఎంపీలే. ట్రస్ 49 రోజులే ఉన్నారు. ఆ ఏడాది ముగ్గురు ప్రధానులు మారినా సభలో ఒక్క అవిశ్వాసం నెగ్గలేదు, దేశంలో ఒక్క సాధారణ ఎన్నిక జరగలేదు.

ఇక జర్మనీ. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

1932 జులై ఎన్నికల్లో జర్మనీ పార్లమెంటు రైష్‌టాగ్‌లో మొత్తం 608 మందిలో నాజీలు 230, కమ్యూనిస్టులు 89. వీధుల్లో ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్లు. కానీ ఇద్దర్నీ కలిపి లెక్కేస్తే 319, అంటే సగానికి పైన. వీళ్లిద్దరూ కలిసి ఏ ప్రభుత్వాన్నయినా పడగొట్టగలరు, కలిసి దేనినీ నిలబెట్టలేరు. సెప్టెంబర్ 12న సభ మొదలవగానే కమ్యూనిస్టు నాయకుడు లేచి ఛాన్సలర్, అంటే అక్కడి ప్రధాని, పాపెన్ మీద వెంటనే అవిశ్వాసం ఓటింగ్ పెట్టమన్నాడు. పాపెన్‌కు ఇది అనుకోనిది. సభను రద్దు చేసే ఉత్తర్వు తెచ్చుకోలేదు. అరగంట విరామంలో మనిషిని పంపి తెప్పించుకున్నాడు. అలాంటి ఉత్తర్వులు పెట్టే ఎర్ర ఫోల్డర్ చంకలో పెట్టుకుని మళ్లీ సభలోకి వచ్చాడు. అధ్యక్ష స్థానంలో ఉన్నది నాజీ నాయకుడు గోరింగ్. పాపెన్ మాట్లాడతానని లేస్తే గోరింగ్ అటు తలే తిప్పలేదు, ఓటింగ్ మొదలుపెట్టేశాడు. పాపెన్ ఆ కాగితం తీసుకెళ్లి బల్ల మీద పడేసి మంత్రులతో సహా బయటికి నడిచాడు. ఓట్లు చూస్తే ప్రభుత్వానికి వ్యతిరేకంగా 512, అనుకూలంగా 42. చివరికి రద్దు ఉత్తర్వే చెల్లిందనుకోండి. కానీ ఆ 512 మందిలో దేశాన్ని ఎవరు నడపాలన్న దాని మీద కలిసే మనుషులు ఎంతమంది? ఆ తర్వాత ఐదు నెలలు కూడా గడవకుండానే హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు.

వైమార్ రిపబ్లిక్, అంటే హిట్లర్‌కు ముందున్న జర్మనీ ప్రజాస్వామ్యం, కూలిపోవడానికి ఇదొక్కటే కారణమని నేననను. నిరుద్యోగం, అధ్యక్షుడి చేతిలోని అత్యవసర అధికారాలు, ఆ అధికారాలు చేతిలో ఉన్న హిండెన్‌బర్గ్, ఇలా చాలా ఉన్నాయి. అయితే 1948లో, తర్వాత పశ్చిమ జర్మనీ రాజధాని అయిన బాన్ నగరంలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాసినవాళ్ల కళ్ల ముందు ఆడుతున్నది మాత్రం ఆ రోజుల దృశ్యమే. వాళ్లు రాసిన 67వ అధికరణం చెప్పేది ఇది: ఛాన్సలర్ మీద నమ్మకం లేదని సభ చెప్పాలంటే ఒకే దారి ఉంది, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఓట్లతో కొత్త ఛాన్సలర్‌ని ఎన్నుకోవాలి. తీర్మానానికీ ఓటింగ్‌కీ మధ్య 48 గంటలు గడవాలి. ఇంట్లో ఉన్నవాణ్ని ఖాళీ చేయించాలంటే, కొత్తగా దిగేవాడు ముందే అడ్వాన్సు కట్టి ఉండాలన్నమాట. మన పుస్తకాల్లో దీన్ని నిర్మాణాత్మక అవిశ్వాసం అంటారు.

ఇది రెండుసార్లు పరీక్షకు వచ్చింది. మొదటిది 1972 ఏప్రిల్ 27. ఛాన్సలర్ విలీ బ్రాంట్ తూర్పు దేశాలతో రాజీ కుదుర్చుకుంటున్నారని కోపంతో కొందరు సభ్యులు ఆయన్ని వదిలి వెళ్లిపోయారు. ప్రతిపక్ష నాయకుడు రైనర్ బార్జెల్‌కు కావలసింది 249 ఓట్లు. లెక్కలన్నీ ఆయనవైపే ఉన్నాయి. వచ్చినవి 247. సొంత పక్షంవాళ్లే ఎవరో దెబ్బకొట్టారు. మర్నాడు బ్రాంట్ బడ్జెట్ ఓటుకు వస్తే 247-247, సరిసమానం. అంటే ఆయన్ని దింపలేరు, ఆయన పాలించలేరు. తర్వాత ఏడాది యూలియస్ స్టైనర్ అనే ప్రతిపక్ష సభ్యుడు తాను 50,000 మార్కులు తీసుకున్నానని ఒప్పుకున్నాడు. డబ్బు తూర్పు జర్మనీ గూఢచారి సంస్థ నుంచి వచ్చిందని ఆ సంస్థ అధిపతే తర్వాత బయటపెట్టాడు. కమ్యూనిస్టు ప్రభుత్వం డబ్బిచ్చి మరీ పశ్చిమ జర్మనీ ఛాన్సలర్‌ని నిలబెట్టిందన్నమాట.

ఇది వినగానే మీకు మన పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం గుర్తొచ్చి ఉంటుంది. 1993 జులై 28న మైనారిటీ ప్రభుత్వం అవిశ్వాసాన్ని 265-251తో గట్టెక్కింది. ఆ తర్వాత జేఎంఎం (ఝార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసు. పి.వి. గారికి 2000లో ట్రయల్ కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. డబ్బు తీసుకుని సభలో ఓటేసినవాళ్లకు రాజ్యాంగ రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు అన్న మాటను, ఏడుగురు జడ్జీల బెంచి 2024 మార్చిలో తిరగరాసింది. ఒకటీ రెండూ ఓట్ల మీద ప్రభుత్వం బతుకు ఆధారపడిన చోట ఆ ఓట్లకు రేటు పలుకుతుంది. బాన్‌లోనూ పలికింది, ఢిల్లీలోనూ పలికింది. దాన్ని ఆపే అధికరణం ఇంతవరకు ఎవరూ రాయలేదు.

రెండోసారి, 1982 అక్టోబర్ 1. చిన్న పార్టీ ఎఫ్‌డీపీ పక్షం మార్చింది. హెల్ముట్ ష్మిట్ దిగిపోయి అదే రోజు హెల్ముట్ కోల్ ఛాన్సలర్ అయ్యారు. 256 ఓట్లు. ఒక్క రోజు కూడా ఆపద్ధర్మ ప్రభుత్వం లేదు. 76 ఏళ్ల పైబడిన రాజ్యాంగంలో నెగ్గింది అదొక్కటే. అంతమాత్రాన జర్మనీలో ప్రభుత్వాలు కూలలేదనుకోకండి. 2024 నవంబర్‌లో ఛాన్సలర్ ఓలాఫ్ షోల్ట్స్ తన ఆర్థిక మంత్రి క్రిస్టియాన్ లిండ్నర్‌ని తీసేయడంతో మూడు పార్టీల కూటమి చెదిరిపోయింది. డిసెంబర్ 16న షోల్ట్స్ తనకు తానే విశ్వాస పరీక్ష పెట్టుకుని, కావాలని ఓడిపోయి ఎన్నికలు తెచ్చుకున్నారు. వాళ్ల రాజ్యాంగంలో ముందస్తు ఎన్నికలు అంత తేలిగ్గా రావు. అందుకని బ్రాంట్, కోల్, ష్రోడర్ అందరూ ఈ ఓడిపోయే నాటకం ఆడినవాళ్లే. ఎంత గట్టి రాజ్యాంగం రాసినా రాజకీయ నాయకులు పక్క సందు వెతుక్కుంటారు. మన దగ్గరే అనుకుంటాం గానీ ఇది అంతర్జాతీయ విద్య.

ఆ ఎన్నికల తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. 2025 మే 6న ఫ్రీడ్రిష్ మెర్ట్స్‌ని ఛాన్సలర్‌గా ఎన్నుకోవాలి. కూటమికి 328 సీట్లున్నాయి, కావలసింది 316. పొద్దున ఓటింగ్‌లో వచ్చినవి 310. యుద్ధం తర్వాత మొదటి రౌండులో ఓడిపోయిన మొదటి అభ్యర్థి ఆయనే. మధ్యాహ్నం మళ్లీ పెడితే 325 వచ్చాయి. పొద్దున వెనక్కి లాగిన ఆ 18 మంది ఎవరో తేలలేదు, ఎందుకంటే అది రహస్య ఓటింగ్. జర్మన్ రాజ్యాంగం 38వ అధికరణం ప్రకారం సభ్యుడు తన మనస్సాక్షికే జవాబుదారీ. మన దగ్గర 1985లో పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చింది, విప్ ధిక్కరిస్తే సీటే పోతుంది. మన అసెంబ్లీలో ముఖ్యమంత్రిని రహస్య ఓటుతో ఎన్నుకోమంటే, ఆ వారం రిసార్టుల అద్దెలు ఎక్కడ ఆగుతాయో నేను చెప్పలేను.

ఇప్పుడు స్వీడన్. జర్మనీ దింపడాన్ని కష్టం చేస్తే, వీళ్లు ఎక్కడాన్ని తేలిక చేశారు. 1975 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగం ప్రకారం ప్రధాని పేరు ప్రతిపాదించేది స్పీకర్. రాజుగారికి అందులో పాత్రే లేదు. సభలో 349 మంది. ప్రధానికి అనుకూలంగా 175 మంది ఓటేయనక్కర్లేదు, వ్యతిరేకంగా 175 మంది లేకపోతే చాలు. అన్నట్టు ఈ 349 అనే బేసి సంఖ్యకు ఒక కథ ఉంది. అంతకుముందు 350 మంది ఉండేవాళ్లు. 1973 ఎన్నికల్లో రెండు పక్షాలకూ సరిగ్గా 175 చొప్పున వచ్చాయి. ఓట్లు సమానమైనప్పుడల్లా చీటీలు తీసి బిల్లు నెగ్గిందో లేదో తేల్చారు. ఆ మూడేళ్ల సభకు లాటరీ పార్లమెంటు అనే పేరు వచ్చింది. తర్వాత ఎన్నిక నాటికి ఒక సీటు తగ్గించుకున్నారు.

ఆ నియమం ఎలా పనిచేస్తుందో 2021 నవంబర్ 24 ఒక్క రోజు చూస్తే చాలు. మాగ్దలేనా ఆండర్సన్ పేరు ఓటుకు వచ్చింది. అనుకూలం 117, వ్యతిరేకం 174, తటస్థం 57, ఒకరు రాలేదు. మన లెక్కలో ఇది ఘోర పరాజయం. అక్కడ ఆమె ప్రధానిగా ఎన్నికైనట్టే, వ్యతిరేకులు 175 కాలేదు కాబట్టి. స్వీడన్‌కు మొదటి మహిళా ప్రధాని. అదే మధ్యాహ్నం ఆమె బడ్జెట్ ఓడిపోయి ప్రతిపక్షం బడ్జెట్ నెగ్గింది. మేం ఈ బడ్జెట్‌తో పాలించలేమని భాగస్వామి గ్రీన్ పార్టీ తప్పుకుంది. కూటమి నుంచి ఒక పార్టీ వెళ్లిపోతే రాజీనామా చేసి మళ్లీ పరీక్షకు రావడం అక్కడి ఆచారం. సాయంత్రానికి ఆమె రాజీనామా ఇచ్చారు. 29న మళ్లీ ఓటింగ్ పెడితే 101 అనుకూలం, 173 వ్యతిరేకం. మళ్లీ ఆమే ప్రధాని. ఐదు రోజుల్లో ఇంత జరిగినా ఎవరూ గవర్నర్ బంగ్లా ముందు బారులు తీరలేదు, ఎవరినీ బస్సుల్లో ఎక్కించుకుని పక్క రాష్ట్రానికి తీసుకెళ్లలేదు.

ఆ మాట ఎందుకంటున్నానో పెద్దవాళ్లకు తెలుసు. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ తీసేసి నాదెండ్ల భాస్కరరావు గారితో ప్రమాణం చేయించారు. మెజారిటీ ఎక్కడ తేలాలి, రాజ్‌భవన్‌లోనా, అసెంబ్లీలోనా అన్నదే అప్పుడు అసలు తగాదా. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతికి చూపించాల్సి వచ్చింది. వాళ్లను కాపాడుకోవడానికి కర్ణాటక పంపాల్సి వచ్చింది. సరిగ్గా నెల తర్వాత సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలం సభలోనే తేలాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 1994లో, బొమ్మై కేసులో. స్వీడన్ వాళ్లు ఆ పని స్పీకర్‌కు అప్పజెప్పి, గడువు పెట్టి, ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో కూడా రాసుకున్నారు. నాలుగు పేర్లు ఓడిపోతే ఎన్నికలకు వెళ్లాలి. ఇంతవరకు నాలుగో పేరు దాకా వెళ్లలేదు.

స్పెయిన్ జర్మనీ నియమాన్నే తీసుకుంది. 2018 మే చివర్లో అధికార పార్టీ మనుషుల అవినీతి కేసులో కోర్టు తీర్పు వచ్చింది. సోషలిస్టు నాయకుడు పెద్రో సాంచెజ్ తనే అభ్యర్థిగా అవిశ్వాసం పెట్టారు. ఆయన పార్టీకి 350లో ఉన్నవి 84 సీట్లు. వారం ముందు ప్రధాని రహోయ్ బడ్జెట్‌కు ఓటేసిన బాస్క్ జాతీయవాద పార్టీ, తన ఐదు ఓట్లతో అటు తిరిగింది. చర్చ జరుగుతున్న మే 31 మధ్యాహ్నం రహోయ్ సభకు తిరిగి రాలేదు. పార్లమెంటుకు దగ్గర్లో ఒక రెస్టారెంట్‌లో రాత్రి దాకా కూర్చుండిపోయారు. సభలో ఆయన సీటులో ఉప ప్రధాని హ్యాండ్‌బ్యాగ్ పెట్టి ఉంది. ఖాళీ కుర్చీ మీద ఆ బ్యాగ్ ఫొటో మర్నాడు దేశమంతా తిరిగింది. జూన్ 1న 180-169తో సాంచెజ్ ప్రధాని అయ్యారు. ఆపద్ధర్మ కాలం లేదు, ఎన్నికలు లేవు, జర్మనీ 1982లో చూపించిందే ఇక్కడా జరిగింది.

కానీ దీని రెండో ముఖం కూడా స్పెయిన్‌లోనే కనిపిస్తుంది. 2023 నవంబర్‌లో సాంచెజ్ 179 ఓట్లతో మళ్లీ ఎన్నికయ్యారు. అందుకోసం కాటలాన్ వేర్పాటువాదులకు క్షమాభిక్ష చట్టం తెస్తానని మాటిచ్చారు, తెచ్చారు. ఆ తర్వాత బడ్జెట్‌కు మెజారిటీ కుదరలేదు. 2024, 2025 రెండేళ్లూ 2023 బడ్జెట్‌నే పొడిగించుకుంటూ వచ్చారు. ఆయన్ని దింపాలంటే కుడిపక్షం, కాటలాన్ పార్టీలు కలిసి ఒక పేరు మీదకు రావాలి, అది జరిగే పని కాదు. కాబట్టి ప్రభుత్వం ఉంటుంది, కొత్త బడ్జెట్ ఉండదు. బ్రాంట్ ఇరుక్కున్న చోటే సాంచెజ్ కాపురం పెట్టారు. ఇది స్థిరత్వమేనా అని అడిగితే నేను అవునని చెప్పను.

ఫ్రాన్స్ దారి వేరు. 1946 నుంచి 1958 దాకా నడిచిన నాలుగో రిపబ్లిక్‌లో ఇరవైకి పైగా ప్రభుత్వాలు మారాయి. అల్జీరియా యుద్ధంతో అది కుప్పకూలినప్పుడు డిగాల్ వచ్చి, సభ గొంతు బిగించే రాజ్యాంగం రాయించారు. అందులో 49వ అధికరణం మూడో పేరా ఉంది. ఫ్రెంచివాళ్లు దాన్ని అంకెతోనే పిలుస్తారు, 49.3 అని. ప్రధాని ఒక బిల్లు మీద ఇది వాడితే, 24 గంటల్లో ఎవరూ అవిశ్వాసం పెట్టకపోయినా, పెట్టింది తర్వాత ఓటింగ్‌లో నెగ్గకపోయినా, బిల్లు ఓటు లేకుండానే పాసయినట్టు. అవిశ్వాసానికి మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కావాలి, లెక్కపెట్టేది వ్యతిరేకుల ఓట్లే. రానివాడు, తటస్థంగా ఉన్నవాడు అందరూ ప్రభుత్వం ఖాతాలోకే. 2023లో రిటైర్మెంట్ వయసు 62 నుంచి 64కి పెంచే చట్టాన్ని ఇలాగే దాటించారు. వీధుల్లో లక్షల మంది ఉన్నారు, సభలో అవిశ్వాసం తొమ్మిది ఓట్ల తేడాతో వీగిపోయింది.

సభను ఇంతగా కట్టేస్తే గట్టి ప్రభుత్వం వస్తుందన్న నమ్మకం 2024 వేసవి దాకా నిలిచింది. అధ్యక్షుడు మాక్రాన్ సభను రద్దు చేసి ఎన్నికలు పెడితే మూడు ముక్కల సభ వచ్చింది. వామపక్షం, మధ్యవాదులు, లెపెన్ నాయకత్వంలోని తీవ్ర కుడిపక్షం, ఎవరికీ మెజారిటీ లేదు. డిసెంబర్ 4న ప్రధాని మిషెల్ బార్నియే 49.3 వాడారు కాబట్టి వచ్చిన అవిశ్వాసంలో 331 ఓట్లతో పడిపోయారు. కావలసింది 288. 1962 తర్వాత అవిశ్వాసం నెగ్గడం అదే మొదటిసారి. లెపెన్ పార్టీ, వామపక్షాలు కలిసి ఓటేశాయి. 1932 సెప్టెంబర్ గుర్తొస్తే తప్పు మీది కాదు, అయితే పోలిక అక్కడితోనే ఆపాలి, ఇవి ఆ రోజులు కావు. తర్వాత వచ్చిన బైరూ 2025 సెప్టెంబర్ 8న తనే విశ్వాసం అడిగి 364-194తో ఓడారు. ఆ తర్వాత లెకోర్ను. ఆదివారం సాయంత్రం మంత్రివర్గం ప్రకటించి సోమవారం పొద్దున రాజీనామా ఇచ్చారు. నాలుగు రోజులకు మాక్రాన్ మళ్లీ ఆయన్నే పెట్టారు. సభ మద్దతు కోసం ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? 49.3తో దాటించిన ఆ పెన్షన్ చట్టాన్నే నిలిపేస్తానన్నారు.

ఫ్రాన్స్ ఇబ్బంది నియమంలో లేదని నాకనిపిస్తుంది. ఎదుటి పార్టీతో కూర్చుని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకునే అలవాటు అక్కడి పార్టీలకు పోయింది. అరవై ఏళ్లు అధ్యక్షుడి పార్టీయే గెలుస్తూ వస్తే, లేకపోతే ఎదుటి కూటమి పూర్తిగా గెలిస్తే, ఇక బేరాలెందుకు? జర్మనీలో ఎన్నికలయ్యాక వారాల తరబడి కూర్చుని ఒప్పందం రాస్తారు. 2021 కూటమి ఒప్పందం 177 పేజీలు, 2025ది 144. ఏ చట్టం ఎప్పుడు, ఏ పన్ను ఎంత అన్నవి అందులో ఉంటాయి. 2025లో సోషల్ డెమొక్రాట్లు దాన్ని తమ పార్టీ సభ్యులందరి ముందు ఓటుకు పెట్టారు. అక్కడ బేరం విధానాల మీద జరుగుతుంది, కుదిరిన ఒప్పందం బహిరంగంగా అందరి ముందూ ఉంటుంది. మనకు కూటమి అంటే ఎవరికి ఏ శాఖ అన్నదే వార్త. ఉమ్మడి కార్యక్రమాలు మనమూ రాసుకున్నాం, 1996లో, 2004లో. వాటిని చదివి ప్రశ్నించిన కార్యకర్త ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

బెల్జియం గురించి ఒక్క మాట. జర్మనీ తరహా అవిశ్వాసం వాళ్లకూ ఉంది, 1993 నుంచి. అయినా 2010 ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వం రావడానికి 541 రోజులు పట్టింది. మధ్యలో విద్యార్థులు వీధుల్లో ఫ్రైస్ పంచి వ్యంగ్యంగా సంబరం చేసుకున్నారు. దింపడం గురించి రాసిన నియమం, ఏర్పడటం గురించి ఏమీ చెప్పదు. స్విట్జర్లాండ్‌లో ఈ ప్రశ్నే లేదు. ఏడుగురి మంత్రిమండలిని నాలుగేళ్లకు ఎన్నుకుంటే మధ్యలో దింపే దారి లేదు. పెద్ద పార్టీలన్నీ అందులోనే ఉంటాయి. ప్రతిపక్షం పని ప్రజలు చేస్తారు, వంద రోజుల్లో 50,000 సంతకాలు పోగుచేస్తే పార్లమెంటు చేసిన చట్టం దేశం మొత్తం ఓటుకు వెళ్తుంది.

స్థిరత్వమే పరమావధి అనుకునేవాళ్లు హంగరీ కూడా చూడాలి. 1990 ప్రాంతంలో వాళ్లూ జర్మనీ నియమం తీసుకున్నారు. 2010లో విక్టర్ ఓర్బాన్ అనే నాయకుడి కూటమికి 52.7 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు 386లో 263. మూడింట రెండు వంతులు దాటాయి కాబట్టి ఏడాది తిరగకుండా కొత్త రాజ్యాంగమే రాసేసుకున్నారు, తర్వాత ఎన్నికల చట్టమూ మార్చారు. అక్కడ కావలసింది ప్రభుత్వాన్ని కాపాడే నియమం కాదు, దాన్ని అదుపులో పెట్టే నియమం.

ఇదంతా మనకు ఎందుకంటే, ఈ చర్చ మన దేశంలో పాతదే. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలోనూ, 2002లో జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ కూడా, అవిశ్వాసంతో పాటు ప్రత్యామ్నాయ నాయకుడి పేరూ చెప్పాలని సిఫార్సు చేశాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఒకే దేశం ఒకే ఎన్నిక పేరుతో 129వ రాజ్యాంగ సవరణ బిల్లు 2024 డిసెంబర్‌లో లోక్‌సభ ముందుకు వచ్చింది. అందులో ఒక నియమం ఉంది. సభ గడువుకు ముందే రద్దయితే, కొత్తగా ఎన్నికైన సభకు మిగిలిన కాలమే ఉంటుంది, కొత్తగా ఐదేళ్లు రావు. ఇది స్వీడన్ పద్ధతే. అక్కడ మధ్యంతర ఎన్నిక వచ్చినా, అసలు ఎన్నిక నాలుగేళ్లకోసారి సెప్టెంబర్‌లో దాని టైముకు అది వస్తుంది.

అయితే స్వీడన్‌లో చివరి మధ్యంతర ఎన్నిక జరిగింది 1958లో. 2014లో ఒకసారి ప్రకటించి, పార్టీలు ఒప్పందం చేసుకోవడంతో మానుకున్నారు. 2021 జూన్‌లో మొదటిసారి ఒక ప్రధాని అవిశ్వాసంలో ఓడితే, ఎన్నికలకు వెళ్లకుండా రెండు వారాలు దాటగానే ఆయన్నే మళ్లీ ఎన్నుకున్నారు. మిగిలిన కాలానికే సభ అన్న నియమానికి వెనక, 175 మంది వద్దనకపోతే చాలు అన్న నియమం, స్పీకర్‌కు నాలుగు అవకాశాలు అన్న నియమం ఉన్నాయి కాబట్టి అది నడుస్తోంది. మన బిల్లులో మొదటిది ఉంది. తర్వాతి రెండూ లేవు, జర్మనీ అవిశ్వాసమూ లేదు. రేపు ఏదో రాష్ట్రంలో నాలుగేళ్లు నిండాక ప్రభుత్వం పడిందనుకోండి. పడగొట్టినవాళ్లు ఎవరిని కూర్చోబెడతారో చెప్పనక్కర్లేదు, ప్రభుత్వం ఏర్పాటుకు ఎవరిని పిలవాలో తేల్చేది గవర్నరే, సభ రద్దయితే పదకొండు నెలల కోసం కోట్ల మంది ఓటేయాలి. ఆ పదకొండు నెలల సీటు కోసం అభ్యర్థి ఎంత ఖర్చు పెడతాడు, దాన్ని ఎలా రాబట్టుకుంటాడు అన్న లెక్క ఈ బిల్లు మీద జరుగుతున్న చర్చల్లో నాకు ఇంకా వినిపించలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి. గ్రూప్స్ పిల్లలు ముందు అడగాలి.